కాయ తడిసింది ఎక్కడ

రామసుబ్బయ్య మిల్లు నుంచి హాలెండుకు పోయిన వేరుశనగ గింజల కంటైనరును అక్కడి రేవులోనే ఆపేశారన్న కబురు ఆదోనికి చేరి పదిహేను రోజులైంది. గింజలో బూజు విషం ఉందని పరీక్షలో తేలిందట. సరుకు కొన్న కంపెనీ ఇంకొక్క అవకాశం ఇస్తానంది గానీ, ముందు తమ మనిషి వచ్చి మిల్లంతా చూడాలంది. ఆ మనిషి వచ్చే రోజు మంగళవారం. ఏం అడిగితే ఏం చెప్పాలో మిల్లులో పనిచేసే ఎనభై మంది ఆడవాళ్ళకూ చిన్న సావుకారి ప్రదీప్‌కుమార్ వారం పాటు నేర్పాడు. అందరికంటే ఎక్కువగా నేర్పింది రెజీనాకే. గింజలు ఏరే బల్లల దగ్గర పదేళ్ళుగా ఆమె మేస్త్రి. వచ్చినవాళ్ళు ఎవరితో మాట్లాడినా మాట్లాడకపోయినా ఆమెతో మాట్లాడకుండా పోరు.

మంగళవారం పొద్దున రెజీనా వచ్చేసరికి మిల్లు గుర్తుపట్టలేనట్టు ఉంది. గోడలకు సున్నం వేశారు. బల్లల మీద కొత్త రేకు పరిచారు. ప్రతి మనిషికీ ఒక తెల్లటోపీ, ఒక జత చేతి తొడుగులు ఇచ్చారు. తొడుగులు పెద్ద కొలతవి. వేళ్ళ కొసలు ఖాళీగా వేలాడుతున్నాయి. బల్ల కొసన కూర్చున్న హులిగెమ్మ వాటిని తొడుక్కుని రెండు గుప్పెళ్ళు ఏరి, చేతులు బల్ల మీద ఆనించేసింది. ఆమెకు అరవై దాటాయి. కళ్ళు సరిగా ఆనవు. ఆమె గింజను చూసి ఏరదు, తాకి ఏరుతుంది. బూజు పట్టిన గింజ చేతికి తేలిగ్గా తగులుతుంది.

"ఇవి ఏస్కుంటే నాకు మంచిది యాదో చెడ్డది యాదో తెలస్తా ల్యాదే రెజీనా" అంది.

"ఈ పొద్దు ఒక్కరోజు ఓర్చుకో పెద్దమ్మా. వచ్చేటోళ్ళు పోయినంక తీసేద్దువు."

ఒలిచే మిషన్ వెనకాల ఎప్పుడూ నేల మీద పడి ఉండే నీళ్ళ పైపు ఆ రోజు లేదు. చుట్టగా చుట్టి ఎక్కడో పెట్టేశారు. తడి కాయల కుప్ప మాత్రం ఉంది. దాని మీద పట్ట కప్పి, ముందు వైపు ఖాళీ గోనెసంచుల కట్టలను మనిషెత్తున పేర్చారు. తెలియనివాళ్ళకు అది సంచుల గది లాగే కనిపిస్తుంది.

పదిగంటలకు తెల్లటి సుమో గేట్లోకి వచ్చింది. అందులోంచి దిగింది అందరూ అనుకున్నట్టు దొర కాదు. ముప్పై ఏళ్ళు దాటని ఒక తెలుగమ్మాయి. పేరు సుచరిత. బెంగళూరులో ఉద్యోగమట, మాట మాత్రం కోస్తా వైపు మాట. భుజానికి సంచీ, చేతిలో రాసుకునే పుస్తకం, ఇంకో చేతిలో చిన్న పెట్టె. ప్రదీప్ కొబ్బరిబొండం తెప్పిస్తే తర్వాత తాగుతానంది. నేరుగా మిల్లులోకి నడిచింది.

ప్రదీప్ పక్కనే నడుస్తూ అంతా చూపించాడు. కాయ దిగే చోటు, మిషన్, ఏరే బల్లలు, మూటలు కుట్టే చోటు. ఆమె తక్కువ మాట్లాడి ఎక్కువ రాసుకుంది. బల్లల దగ్గరికి వచ్చినప్పుడు రెజీనాకు వాళ్ళ మాటలు స్పష్టంగా వినపడ్డాయి.

"తేమ ఎక్కడ వచ్చిందనుకుంటున్నారు మీరు?" అని అడిగింది సుచరిత.

"రైతుల కాడే మేడమ్. తూకం కోసమని నీళ్ళు చల్లి తెస్తాండారు. మేము ఎంతని చూసుకుంటాం? విచారిస్తే ముఖ్యంగా మూడు ఊర్లని తేలింది. కంబదిన్నె, హొసకేరి, మూడుగండ్ల. ఆ మూడు ఊర్ల కాయ కొనేది నిలిపేస్తే ఇంగ ఈ సమస్య ఉండదు."

సుచరిత ఆ మూడు పేర్లూ రాసుకుని, కింద గీత గీసింది. "అయితే ఆ ఊళ్ళను జాబితాలోంచి తీసేయాలని రాస్తాను" అంది మామూలుగా.

రెజీనా చేతిలో గింజలు అలాగే ఉండిపోయాయి. ఆమెది కంబదిన్నె. చర్చి వెనక పేటలో నలభై ఇళ్ళు. అందరికీ రెండు ఎకరాలో మూడు ఎకరాలో చెల్క నేల. వానకు వేసే పంట వేరుశనగ ఒక్కటే. ఆమె మొగుడు సుందరం మొన్ననే కాయ కొట్టి, కల్లంలో ఎండబెట్టి, సంచులకు ఎత్తాడు. ఆ కాయను చేతిలో పట్టుకుని ఆడిస్తే లోపలి గింజ గలగలమంటుంది. అంత ఎండిన కాయ. వారం రోజులు ప్రదీప్ ఎన్నో మాటలు నేర్పాడు గానీ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. తప్పు రైతుల మీదికి తోస్తాడని రెజీనాకు తోచనే లేదు.

మధ్యాహ్నం కూడు తిన్నాక సుచరిత ఒక్కొక్కరినే పిలిచి మాట్లాడింది. మిల్లు వెనక వసారాలో రెండు స్టూళ్ళు వేయించుకుని, యజమానులు ఎవరూ దగ్గర ఉండకూడదని చెప్పింది. ఐదుగురి తర్వాత రెజీనా వంతు వచ్చింది.

"కూర్చోండి అక్కా. మీరు చెప్పింది ఎవరు చెప్పారో నేను రాయను. భయపడొద్దు."

రెజీనా కూర్చుంది. పని ఎన్ని గంటలకు మొదలు, ఎన్ని గంటలకు ముగుస్తుంది, పిల్లల్ని పనికి పెడతారా, తాగే నీళ్ళున్నాయా, మరుగుదొడ్డి ఉందా. అన్నిటికీ నేర్చిన జవాబులే చెప్పింది. కొన్ని నిజాలు, కొన్ని కావు. మరుగుదొడ్డికి తాళం ఆ పొద్దునే తీశారని చెప్పలేదు.

"కాయ మీద గానీ గింజ మీద గానీ ఎక్కడైనా నీళ్ళు చల్లుతారా?"

"ల్యా మేడమ్."

సుచరిత రాసుకుంది. పుస్తకం మూయబోతూ, "మీరేమైనా అడగాలా?" అంది. అందరినీ చివర్లో అలా అడుగుతుందని ముందు వచ్చినవాళ్ళు చెప్పారు. ఎవరూ ఏమీ అడగలేదట.

రెజీనా కొంచెంసేపు తన చేతుల వైపు చూసుకుంది. "ఆ విషం అంటాండారు గదా మేడమ్, అది ఎట్ల ఉంటాది? పదేండ్ల నుంచి ఏర్తాండా. నల్లగింజ, ముడుచుకున్న గింజ, పురుగు కొట్టిన గింజ చూసినా. విషం యాదని నాకు తెలీదు."

"కంటికి కనపడదు అక్కా. గింజ తడిగా ఉండిపోతే బూజు పడుతుంది, ఆ బూజులోంచి పుడుతుంది. మీరు ఏరి పారేస్తారే, ఆ నల్లవీ ముడుచుకున్నవీ, వాటిలోనే ఎక్కువగా ఉంటుంది. లారీ సరుకులో చిటికెడు ఉన్నా వాళ్ళు ఒప్పుకోరు."

"ఏంచితే పోదా?"

"వేయించితే కొంత తగ్గుతుందేమో గానీ పోదు. ఉడకబెట్టినా పోదు."

"తింటే ఏమైతాది?"

"వెంటనే ఏమీ కాదు. అదే కష్టం. ఏళ్ళ తరబడి తింటే కాలేయం పాడవుతుంది. పిల్లల ఎదుగుదలకు కూడా మంచిది కాదంటున్నారు."

మిల్లులో ఏరి పక్కన పెట్టిన గింజను శనివారం శనివారం కూలోళ్ళకే అగ్గువకు ఇస్తారు. మేస్త్రి అని రెజీనాకు రెండు శేర్లు ఎక్కువ. ఇంట్లో పొడి కొట్టేది ఆ గింజతోనే, కూరలో వేసేది ఆ గింజనే. ఆమె కూతురు రొట్టెలోకి పొడి లేకపోతే ముద్ద ఎత్తదు. పదేళ్ళ శనివారాలు.

"మేడమ్, మేము ఏరి పక్కన పెట్టింది యాడికి పోతాదని మీ కాగితంలో ఉండాదా?"

సుచరిత రెండు పుటలు వెనక్కి తిప్పింది. "ఉంది. పనికిరానిది గుంటలో పూడ్చేస్తామని రాయించారు."

"గుంటలోకి గాదు. మా ఇండ్లకు. ఈడ పని చేసే ఎనభై మందిమీ తీస్కపోయి తింటాండాం."

సుచరిత చేతిలోని పెన్ను ఆగింది. ఆమె ముఖంలో అంతదాకా ఉన్న ఉద్యోగపు మర్యాద కాస్త సడలింది.

"ఇంగో మాట" అంది రెజీనా. అప్పటికి ఆమె లేచి నిలబడింది. "మీరు పొద్దున మూడు ఊర్ల పేర్లు రాసుకున్యారు. కంబదిన్నె మా ఊరు. కాయ తడిసింది మా ఊర్లో గాదు. ఇందాక నీళ్ళు చల్లేది ల్యాదంటి, అది అబద్ధం. రాండి, చూపిస్తా."

సరిగ్గా ఆ సమయానికి కాయ దిగే చోట ఒక ట్రాక్టరు వచ్చి నిలబడి ఉంది. దాని మీద ఉన్నది హొసకేరి సుంకప్ప. అతనికి ఈ గొడవ ఏమీ తెలియదు. సంచులు దింపడానికి మనిషి కోసం చూస్తున్నాడు.

"సుంకప్పన్నా, ఒక మూట మూతి ఇప్పు. మేడమ్ చూస్తాదంట."

సుచరిత చిన్న పెట్టె తెరిచింది. అందులో తేమ చూసే మిషన్ ఉంది. మూట అడుగు నుంచి గుప్పెడు కాయలు తీసి దానిలో పోసింది. అంకె కనపడేసరికి రెండు నిమిషాలు పట్టింది. నూటికి ఆరున్నర. ఇంకో మూటలో చూసింది. ఏడు.

"ఇది బాగా ఎండిన కాయ" అంది సుచరిత.

"తొమ్మిది దినాలు ఎండబెట్టినాం మేడమ్" అన్నాడు సుంకప్ప. "మబ్బు పట్టినప్పుడు ఇంట్లోకి మోసినాం, మళ్ళీ బయటికి మోసినాం. ఏమి, ఏమన్నా తప్పుండాదా?"

"ల్యాదన్నా. నువ్వు ఈడే ఉండు."

రెజీనా సుచరితను ఒలిచే మిషన్ వెనక్కి తీసుకుపోయింది. సంచుల కట్టల్ని ఒకటొకటిగా లాగి పక్కకు వేసింది. బల్లల దగ్గర పని ఆగిపోయింది. ఆడవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. పట్ట ఎత్తగానే ముక్కిపోయిన వాసన కొట్టింది. కుప్ప లోపల చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. సుచరిత అక్కడి కాయ తీసి మిషన్లో పోసింది. పదమూడు.

సుచరిత ఆ అంకెను రాసుకుంది.

"ఎందుకు తడుపుతారు అక్కా? తూకం కోసమా?"

"తూకం కోసం గాదు. చూడండి." రెజీనా సుంకప్ప మూటలోంచి తట్టెడు ఎండు కాయ తెచ్చి, మిషన్ వేయమని చెప్పి, పైనుంచి పోసింది. కింద జల్లెడలో పడిన గింజను దోసిట్లో పట్టి చూపించింది. సగానికి సగం చీలి రెండు బద్దలైనవి, పొట్టు ఊడి తెల్లబడినవి. "ఎండు కాయ మిషన్లో పోస్తే ఇట్ల చీల్తాది. చీలిన గింజ మీ హాలెండోళ్ళకు పనికిరాదు. నీళ్ళు చల్లి ఒక పూట పట్ట కప్పితే గింజ మెత్తబడి నిండుగా వస్తాది. అట్ల వస్తేనే మీరు తీసుకుంటారు. అందుకని చల్తాండాం. చల్లేది గూడా మేమే. పైపు పట్టేది నేనే."

ప్రదీప్ అప్పటికే ఆఫీసు గదిలోంచి వచ్చి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. "మేడమ్, ఒకసారి లోపలికి రండి" అన్నాడు. రెజీనా వైపు చూడకుండానే, "నువ్వు గూడా రా" అన్నాడు.

ఆఫీసు గదిలో రామసుబ్బయ్య మెత్త మీద కూర్చుని ఉన్నాడు. తెల్లపంచ, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. మిల్లు పెట్టింది ఆయన తండ్రి. ఎగుమతి తెచ్చింది ఆయన కొడుకు. ఈ రెండింటి మధ్యా ఆయన ముప్పై ఏళ్ళు ఊరి నూనెమిల్లులకు గింజ అమ్ముకున్నాడు. సుచరిత రెండు అంకెలూ చెప్పింది. తనకు ఇచ్చిన కాగితంలో రాసిందీ, కళ్ళతో చూసిందీ వేరువేరుగా ఉన్నాయంది.

"నీళ్ళు చల్లమని ఎవరు చెప్పారు?"

ప్రదీప్ నోరు తెరవబోయాడు. ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"నేనే. మా నాయన కాలం నుంచి చల్తాండాం. మిషన్ వచ్చిందంటే నీళ్ళు గూడా వచ్చినట్టే. ఇన్నేండ్లలో ఒక్కరు గూడా తప్పని చెప్పల్యా. విషమనే మాట ఈ పదిహేను దినాల్లోనే వినింది."

"మరి రైతులు తడిపారని ఎందుకు రాయించారు?"

ముసలాయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. కొడుకు వైపు చూశాడు. ప్రదీప్ ముఖం ఎర్రబడింది గానీ గొంతు పెంచలేదు.

"మేడమ్, మీరు అడుగుతాండారు, నేను గూడా ఒకటి అడగాల. చీలిన గింజ వద్దంటారు. తడి వద్దంటారు. టోపీలు పెట్టమంటారు, గోడలకు సున్నం కొట్టమంటారు. ధర మాత్రం నాలుగేండ్ల కిందటిదే. ఎండబెట్టే మిషన్ కొనేకి బ్యాంకుకు పోతే, మీ కంపెనీ వచ్చే ఏడు గూడా కొంటాదని కాగితం తెమ్మన్నారు. మీ కంపెనీ ఆ కాగితం ఇయ్యల్యా. మూడుసార్లు రాసినా. తప్పు నాదైతే కట్టుకుంటా. అంతా నాదేనా?"

సుచరిత పుస్తకంలో కొత్త పుట తీసి రాసుకుంది. "ఇది కూడా రిపోర్టులో రాస్తాను. చదువుతారని చెప్పలేను. రాస్తాను. ఊళ్ళ పేర్లు మాత్రం కొట్టేస్తున్నాను. తప్పు రైతుల మీదికి తోయడం మీరు చేయాల్సిన పని కాదు, ప్రదీప్ గారూ."

తలుపు దగ్గర నిలబడ్డ రెజీనా అప్పుడు మాట్లాడింది. "చేత్తో ఒలిస్తే తడి అక్కర్ల్యా సావుకారీ. చీలదు. ముందు కాలంలో అట్లనే ఒలిచేటోళ్ళంట, మా అత్త చెప్తాది. అయితే మనుషులు ఎక్కువ కావాల, పని నిదానంగా అయితాది."

"ఎనభై మంది పని పోగొట్టి ఇప్పుడు ఉపాయం చెప్తాండావా?" అన్నాడు ప్రదీప్.

"ఆ ఎనభైలో నేను గూడా ఉండా చిన్న సావుకారీ."

సుచరిత లాడ్జికి పోయి ఆ సాయంత్రమే హాలెండుకు ఫోను చేసి మాట్లాడతానంది. సుమో వెళ్ళిపోయింది. మిషన్ ఆపేశారు. రెజీనా బయటికి వస్తే ఆడవాళ్ళందరూ టోపీలు తీసేసి, చేతి తొడుగులు బల్ల మీద కుప్పగా పోసి నిలబడి ఉన్నారు.

"ఏమి జెప్పినావే?" అంది హులిగెమ్మ.

రెజీనా ఉన్నదున్నట్టు చెప్పింది. నీళ్ళ సంగతి, మూడు ఊర్ల సంగతి, శనివారం గింజ సంగతి. శనివారం గింజ అనగానే గిడ్డమ్మ అనే ఆమె చంకలో పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది.

"మీ ఊరిని నిలబెట్టుకున్యావు" అంది గిడ్డమ్మ. "మాది ఆదోని. మాకు చేను ల్యా, చెల్క ల్యా. ఈ బల్ల ఒకటే ఉండాది. మా నోట్లో మన్ను గొట్టినావు."

"నిజమే గిడ్డమ్మా. నీకు జెప్పేకి నా కాడ ఏమీ ల్యా."

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. ఒక్కొక్కరే పక్కకు తప్పుకుని గేటు వైపు నడిచారు. ఆమెతో కలిసి ఎవరూ నడవలేదు.

ఇంటికి పోయేసరికి ఇంకా పొద్దు ఉంది. సుందరం కాయమూటల పక్కన కూర్చుని ఉన్నాడు. సుంకప్ప దారిలో ఆగి అంతా చెప్పి పోయాడట. సుందరం లేచి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. "కాళ్ళు కడుక్కో" అన్నాడు.

రెజీనా నేరుగా వంటింట్లోకి పోయి పొడి డబ్బా తీసింది. శనివారం కొట్టిన పొడి ఇంకా సగం ఉంది. దాన్ని పట్టుకుని బయటికి వస్తుంటే అత్త జీవమ్మ గడప దగ్గర అడ్డం వచ్చింది. సంగతి విని ఆమె డబ్బా మూత తీసి వాసన చూసింది.

"పదేండ్లు తిన్నాం గదే" అంది. "ఇంగ ఈ పొద్దు పారేస్తే ఏమొస్తాది?"

"రేపటిదన్నా ఆగుతాది అత్తా."

పెరట్లో పారతో గుంట తవ్వి, కోళ్ళు గెలకకుండా లోతుగా పోసి, మన్ను కప్పి తొక్కింది. కూతురు స్కూలు నుంచి వచ్చి రొట్టెలోకి ఏమని అడిగితే ఉల్లిగడ్డ చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున ఎనిమిదిన్నరకు రెజీనా మిల్లుకు పోయింది. పని ఉంటుందని పోలేదు. రాకపోతే పారిపోయినట్టు ఉంటుందని పోయింది. పెద్ద గేటుకు తాళం ఉంది. గేటు మీద ఒక కాగితం అంటించి ఉంది. మిషన్ మరమ్మతు, మళ్ళీ చెప్పేదాకా పని లేదు. దాని ముందు ఎనభై మందికి కొంచెం తక్కువగా ఆడవాళ్ళు. చదువు వచ్చిన ఒకామె ఆ కాగితాన్ని రెండోసారి చదివి వినిపిస్తోంది. ఆ కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది. మేస్త్రి రెజీనా మాత్రం లోపలికి రావలెను.

ఆమెను చూడగానే గుంపు రెండుగా విడిపోయి దారి ఇచ్చింది. వాచ్‌మన్ అయ్యన్న చిన్న గేటు తలుపు తెరిచాడు. "నిన్నొక్కదాన్నే రమ్మన్యాడమ్మా సావుకారి" అన్నాడు నెమ్మదిగా, తప్పు తనదే అన్నట్టు.

రామసుబ్బయ్య ఆఫీసులో లేడు. కాయ దిగే చోట, సుంకప్ప దింపిపోయిన మూటల దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఒక కాయ పట్టుకుని చెవి దగ్గర ఆడిస్తున్నాడు.

"ప్రదీప్ నిన్న సాయంత్రం పోయినాడు. యాడికని జెప్పల్యా. ఫోను ఎత్తడం ల్యా" అన్నాడు ఆమె అడగకముందే. "ఆ యమ్మ పొద్దున్నే ఫోను చేసింది. హాలెండోళ్ళు ఒప్పుకున్యారంట. పూర్తిగా గాదు. చూసేకని ఒక చిన్న ఆర్డరు. ఎండు కాయ, చేత్తో ఒలిచింది. చుక్క నీళ్ళు తగలగూడదు. నువ్వు జెప్పిన మాదిరే."

"మంచిదే గదా సావుకారీ."

"పన్నెండు గంటలకు ఆమె వస్తాది. వచ్చేసరికి మనుషులు కూర్చుని ఒలుస్తా ఉండాల. ల్యాకుంటే ఆర్డరు వేరే ఊరి మిల్లుకు పోతాది, వాళ్ళు గూడా అడుగుతాండారంట." ఆయన జేబులోంచి మడిచిన తెల్లకాగితం, పెన్ను తీసి ఆమెకు ఇచ్చాడు. "ఉండేది కొంచెం సరుకు. ఇరవై మంది చాలు. ఎవరు రావాలో నువ్వే రాయి. వాళ్ళ చేతులు నీకు తెలిసినట్టు నాకు తెలీదు."

రెజీనా కాగితం వైపు చూసింది. "మిగిలినోళ్ళు?"

"సరుకు బాగుంటే పెద్ద ఆర్డరు వస్తాది. అప్పుడు పిలుస్తాం."

"ఎప్పుడు?"

"అది నా చేతిలో ల్యా తల్లీ. నిన్న విన్యావు గదా, అబ్బాయి అడిగింది."

ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. మంచి చేతులున్న ఇరవై మంది పేర్లు ఆమె కళ్ళు మూసుకుని చెప్పగలదు. అందులో హులిగెమ్మ పేరు ఉంటుంది. గిడ్డమ్మ పేరు ఉండదు. చంకలో పిల్లను పెట్టుకుని ఆమె ఎప్పుడూ రెండు గుప్పెళ్ళు వెనకబడే ఉంటుంది. బల్ల తప్ప ఇంకేమీ లేని మనిషి పేరే రాయకూడదు. చెల్కలున్న తన పేటవాళ్ళ పేర్లు ఏడెనిమిది రాయాల్సి వస్తుంది. నిన్న గిడ్డమ్మ అన్న మాటకు ఈ కాగితం సాక్ష్యం అవుతుంది.

ఆమె కాగితంతోనే గేటు బయటికి వచ్చింది. గుంపు దగ్గరికి జరిగింది. సావుకారి అన్న మాట ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఇరవై అనగానే అందరూ పక్కవాళ్ళను చూసుకున్నారు. కొంతమంది కళ్ళు అప్పుడే ఆమె ముఖం మీద వెతుకుతున్నాయి. గిడ్డమ్మ మాత్రం నేల వైపు చూస్తోంది. తన పేరు ఉండదని ఆమెకు ముందే తెలుసు.

"రాయి మరి" అంది వెనక నుంచి ఎవరో. "పొద్దు పోతాంది."

"నా పేరు రాస్తే కొట్టేయ్" అంది హులిగెమ్మ. అందరూ ఆమె వైపు తిరిగారు. "నా వంతుకు ఎవరన్నా దినం విడిచి దినం కూర్చోనీ. ఇరవై మందే కూర్చోవాలని గదా అనింది. ఆ ఇరవై మందే రోజూ కూర్చోవాలని అన్యారా?"

రెజీనా ఆ మాటను మనసులో రెండుసార్లు అనుకుంది. అప్పుడు వెనక్కి తిరిగి, చిన్న గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డ రామసుబ్బయ్యను చూసింది.

"సావుకారీ, ఇరవై పేర్లు నేను రాయను. ఎనభై పేర్లు రాస్తా. రోజుకు ఇరవై మంది లెక్కన అందరమూ కూర్చుంటాం. గిడ్డమ్మకు నిదానమైతే నేను పక్కన కూర్చుని నేర్పుతా. శనివారం గింజ ఇంగ ఎవరికీ ఇయ్యొద్దు, గుంటలో పూడ్చండి. దీనికి ఒప్పుకుంటే పన్నెండు గంటలదాకా ఎందుకు, ఇప్పుడే కూర్చుంటాం."

"దినానికి ఒకసారి చెయ్యి మారితే సరుకు ఒక్కతీరుగా వస్తాదా రెజీనమ్మా? మళ్ళీ తప్పయితే మిల్లే ఉండదు."

"వస్తాదని నేను జెప్పల్యా. వచ్చేటట్టు చూస్తానని జెప్తాండా."

ముసలాయన కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. రెజీనా తెల్లకాగితాన్ని ఆయన చేతిలో పెట్టింది. వెనక్కి వచ్చి, తాళం వేసిన పెద్ద గేటు ముందు ఎండలోనే నేల మీద కూర్చుంది. హులిగెమ్మ పక్కన కూర్చుంది. తర్వాత ఒకరి వెనక ఒకరు. గిడ్డమ్మ అందరికంటే ఆఖరున, పిల్లను ఒళ్ళోకి దించుకుని కూర్చుంది.

అయ్యన్న తాళంచెవి చేతిలో పట్టుకుని సావుకారి వైపు చూస్తున్నాడు. ఆఫీసు గదిలో గడియారం పది కొట్టింది.

రోడ్డు మలుపులో దుమ్ము లేచింది. తెల్ల సుమో. పన్నెండుకు రావాల్సిన మనిషి రెండు గంటలు ముందే వస్తోంది. బండి దగ్గర పడేకొద్దీ ముందు సీట్లో సుచరిత కనిపించింది. వెనక సీట్లో ప్రదీప్‌కుమార్ ఉన్నాడు. నిన్న సాయంత్రం అతను పోయింది కంపెనీ వాళ్ళ దగ్గరికేనన్నమాట. అతని పక్కన, ఒళ్ళో హాలెండు కంపెనీ పేరున్న తోలుసంచి పెట్టుకుని, వాళ్ళెవరూ ఎన్నడూ చూడని ఒక తెల్లదొర కూర్చుని ఉన్నాడు.